మా నిదానం, మామయ్యగారి పెట్టె

మా తోడికోడలికి అసలు పేరొకటి ఉంది కానీ, ఇంట్లో ఆ పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని అటూ ఇటూ చూస్తుంది. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో మామయ్యగారు ఆమె చేతికి సూది ఇచ్చి దారం ఎక్కించమన్నారు. నేనైతే దారాన్ని నాలుకతో తడిపి, ఒక కన్ను మూసి, సూదిని నాలుగు తిట్లు తిట్టి గుచ్చేదాన్ని. ఆమె మాత్రం సూదిని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. దారం కొసను కత్తెరతో ఏటవాలుగా కత్తిరించింది. కాసేపు చూసి, ఒక్కసారే ఎక్కించింది. "ఇంత నిదానమైతే చొక్కా ఎప్పటికి కుడతావమ్మా?" అని వెక్కిరించాను. అప్పటి నుంచి ఆమె నిదానం. ఎక్కడెక్కడి ఇంజనీర్లో ఇప్పుడు ఆమెకు "నిదానం గారికి" అని రాస్తున్నారు. ఆ ఘనత నాదేనని నేను అందరికీ చెప్పుకుంటాను.

కింద మా కుట్టు దుకాణం, పైన ఇల్లు. దుకాణం మామయ్యగారు పెట్టింది. ఆయన చెవులు మొరాయించాక నా చేతికి వచ్చింది. వెనక గదిలో ఒక గోడకి గుడ్డల తానులు, ఎదురు గోడకి నిదానం బల్ల, దాని మీద రెండు కంప్యూటర్లు, ఎప్పుడూ చల్లారిపోయి ఉండే టీ కప్పు. మధ్యలో తలుపు లేదు. ఆమె ఫోన్లో మాట్లాడేదంతా నా చెవిన పడుతుంది, నేను గిరాకీలతో పోట్లాడేదంతా ఆమె చెవిన పడుతుంది. ఆమె నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు నేను తీరుస్తుంటాను.

ఆమె పనేమిటో నా బుర్రకు ఎక్కడానికి చాలా కాలం పట్టింది. సాఫ్ట్‌వేర్ లైబ్రరీ అంటే పుస్తకాలుండే చోటు కాదట. ఒక పనిని ఒకరు రాసి పెడితే, దాన్ని పదిమంది తీసుకెళ్లి తమ యంత్రాల్లో పెట్టుకుంటారు. నిదానం లైబ్రరీ చేసే పని ఒక్కటే. ఏ భాషవైనా సరే, చిన్న తెరల మీద అక్షరాలు గీస్తుంది. పెళ్లికి ముందు తూకం యంత్రాలు చేసేచోట ఉద్యోగం చేస్తూ రాసింది. ఆ తర్వాత ఎవరైనా వాడుకోండని వదిలేసింది. లిఫ్టుల్లోకి, బస్ స్టాపుల బోర్డుల్లోకి, ఆసుపత్రుల్లో వరుస నంబర్లు చూపే తెరల్లోకి అది వెళ్లిపోయింది. దాని ముందు ఆమె ఒక మాట రాసి పెట్టింది: "ఈరోజు దీంతో నడిచే యంత్రం రేపు నా వల్ల ఆగదు." మాటంటే మాటే మా నిదానానికి.

అయితే అందులో ఒక లోపం ఉంది. ఒక వరుస అక్షరాలు గీయాలంటే యంత్రం మెమరీలో కాస్త చోటు తీసుకోవాలి, గీశాక తిరిగి ఇచ్చేయాలి. ఈ లైబ్రరీ తీసుకునేదే కానీ ఇచ్చేది కాదు. యంత్రం నడిపే ప్రోగ్రాం "ఈ వరుసతో నా పనైపోయింది, తీసేయ్" అని చెప్పినా, విననట్టు ఊరుకునేది. దీన్ని వాళ్లు మెమరీ లీక్ అంటారు. నాకు మాత్రం నా కత్తిరింపు బల్ల గుర్తొచ్చింది. ముక్కలు ఊడ్వకుండా కత్తిరిస్తూ పోతే చివరికి కత్తెర ఆడించడానికి కూడా చోటుండదు.

తూకం యంత్రాన్ని కొట్టు మూసేటప్పుడు ఆపేస్తారు. ఆపితే మెమరీ దానంతటదే ఖాళీ అవుతుంది కాబట్టి ఆ రోజుల్లో ఈ లోపం ఎవరి కంటా పడలేదు. ఆపకుండా వెలిగే యంత్రాల్లోకి వెళ్లాక అవి ఉన్నట్టుండి బిగుసుకుపోవడం మొదలుపెట్టాయి. వాటిని వాడేవాళ్లు మందు కూడా కనిపెట్టేశారు: ఆపి, మళ్లీ పెట్టడం. ఆసుపత్రిలో నేల తుడిచే ఆవిడ తెరను కూడా రోజూ ఒకసారి ఆపి పెడుతుంది. ఎందుకమ్మా అంటే "దీన్ని ఇలాగే ఆపాలి" అంటుంది. లోపం కాస్తా ఆనవాయితీ అయి కూర్చుంది.

ఇక మామయ్యగారి సంగతి. ఆయన కుట్టిన కోటు కంటే ఆయన నోటి మాట కోసం దుకాణానికి వచ్చినవాళ్లే ఎక్కువ. కొలత తీస్తూ ఒక్క మాట అనేవారు, గిరాకీ కడుపుబ్బ నవ్వేవాడు, టేపు జారిపోయేది. అలాంటి మనిషికి చెవులు పోయాయి. మా ఆయన ఎక్కడో వెతికి ఒక పెట్టె తెచ్చారు. అరచేతి కంటే కాస్త పెద్దది, మెళ్లో వేలాడేసుకోవచ్చు. ఎదుటివాళ్లు మాట్లాడింది విని, తెర మీద అక్షరాల్లో చూపిస్తుంది. మొదటి రోజు దాన్ని చదువుతూ మామయ్యగారు చిన్నపిల్లాడిలా కేరింతలు కొట్టారు.

కానీ అది మాటల మధ్యలో బిగుసుకుపోయేది. పక్కనున్న మీట నొక్కి ఆపి, మళ్లీ పెట్టి, అది కళ్లు తెరిచేదాకా ఆగాలి. ఈలోపు మాట దాటిపోయేది. ముఖ్యంగా ఎవరైనా సరదా కబురు చెబుతుంటే సరిగ్గా కొస దగ్గరే ఆగిపోయేది. అందరూ నవ్వేవాళ్లు. ఆయన మా మొహాలు ఒక్కొక్కటీ చూసి, నవ్వాల్సిన చోటు వచ్చిందని గ్రహించి, అప్పుడు నవ్వేవారు. ఆ ఆలస్యపు నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది, ఏడుపూ వచ్చేది. ఆయన బొటనవేలు ఎప్పుడూ ఆ మీట మీదే ఉండేది.

ఒకరోజు భోజనాల దగ్గర పెట్టె ఎప్పటిలాగే బిగుసుకుపోయింది. నిదానం దాన్ని చేతిలోకి తీసుకుని, తెర మీద ఆగిపోయిన వాక్యాన్ని చూస్తూ ఉండిపోయింది.

"అక్కా, ఈ తలకట్లు చూడు. కుడి వైపుకి ఒరిగి లేవూ?"

"ఒరిగితే ఒరిగాయి. అన్నం చల్లారిపోతోంది, తిను."

"ఆ ఒరుగు నాదే. కుర్రతనంలో నా చేత్తో గీసిన తలకట్టు అది. అప్పుడు తప్పు గీసి, దిద్దుదాం దిద్దుదాం అనుకుంటూ వదిలేశాను. ఈ పెట్టెలో ఉన్నది నా లైబ్రరీ." గొంతు తగ్గించింది. "ఇన్నాళ్లూ మామయ్య నోటి దగ్గర మాట లాక్కుంటున్నది నేనే."

అదే వారం మామయ్యగారికి కబురొచ్చింది. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లంతా కలిసి, దర్జీల సంఘం హాల్లో ఆయనకు సన్మానం చేస్తారట. మధ్యాహ్నమంతా ప్రసంగాలు. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

"నేను రాను. నా గురించి నలుగురు నాలుగు మాటలంటుంటే, వాటికి జవాబు చెప్పలేక బొమ్మలా కూర్చోడం నా వల్ల కాదు. బొమ్మే కావాలంటే మన దుకాణంలో కోటు తగిలించినదాన్ని పట్టుకెళ్లండి."

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

నిదానం మర్నాడే లీకు పని పట్టింది. పెట్టె చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. లోపలి ప్రోగ్రాంను ముట్టుకునే దారి లేదు కానీ, అక్షరాలు గీసే లైబ్రరీ అందులో విడి ఫైలుగా ఉంది. దాన్ని మాత్రం మార్చవచ్చు. "తీసేయ్" అనగానే వరుసను తీసేసి, చోటు తిరిగి ఇచ్చేలా ఆమె దిద్దింది. లోకానికి కూడా విడుదల చేసింది. తర్వాత మామయ్యగారి పెట్టెలో పెట్టి మీట నొక్కింది. తెర వెలిగింది, ఒక్క మాట చూపించింది, నల్లబడింది. ఎన్నిసార్లు పెట్టినా అంతే.

"దీనికీ నా జబ్బే వచ్చిందే!" అన్నారు మామయ్యగారు. ఇంకో రెండు చోట్ల నుంచి కూడా యంత్రాలు ఆగిపోయాయని ఉత్తరాలొచ్చాయి. నిదానం తన దిద్దుబాటును వెనక్కి తీసుకుంది. పెట్టెలో పాత లైబ్రరీయే తిరిగి పెట్టింది.

నేను ఒంటికాలి మీద లేచాను. "తప్పు దిద్దితే ఆగిపోవడమేంటి? ఇదెక్కడి చోద్యం?"

"వాళ్లు నా తప్పుకి అలవాటు పడిపోయారక్కా. ఈ పెట్టె 'తీసేయ్' అని చెప్పి, ఆ తర్వాత కూడా ఆ వరుస కోసం చెయ్యి చాస్తోంది. అలా చెయ్యకూడదు. కానీ నేనెప్పుడూ తీసేయలేదు కాబట్టి ఇన్నాళ్లూ దానికి దొరికేది. ఇప్పుడు నిజంగా తీసేశాను. ఖాళీలో చెయ్యి పెట్టి చచ్చిపోతోంది."

అదీ చిక్కు. పాత లైబ్రరీ ఉంటే పెట్టె మాట మధ్యలో బిగుసుకుపోతుంది. కొత్తది పెడితే అసలు లేవదు. సన్మానం రోజు దగ్గర పడుతోంది.

ఇంతలో బస్ స్టాపుల బోర్డులు చేసే కంపెనీ ఇంజనీరు ఫోన్ చేశాడు. నిదానం ఎప్పటిలాగే స్పీకర్లో పెట్టింది. నేను మెషీను ఆపి విన్నాను. వినకపోతే నాకు నిద్ర పట్టదు కదా.

"నిదానం గారూ, మీ దిద్దుబాటు మా కొత్త బోర్డుల మీద పెట్టి చూశాం. లీకు మాయమైపోయింది. ఎందుకు వెనక్కి తీసేశారు?"

"దాంతో కొన్ని పాత యంత్రాలు ఆగిపోతున్నాయండీ. ఒకటి మాటల పెట్టె. చేసిన కంపెనీ మూతపడింది, వాళ్ల ప్రోగ్రాం మార్చేవాళ్లు లేరు."

"తప్పు వాళ్లది. తీసేయమన్నాక మళ్లీ ముట్టుకోకూడదని ఎవరికైనా తెలుసు. చచ్చిన కంపెనీ పెట్టె కోసం మా బోర్డులు బిగుసుకుపోతూ ఉండాలా? ఆగిపోయేవాటిని ఆగిపోనివ్వండి."

"కంపెనీ పోయిందండీ, పెట్టె పోలేదు. రోజూ మాతో పాటే భోజనానికి కూర్చుంటుంది."

"అయితే మీ లైబ్రరీని కాపీ చేసుకుని మేమే దిద్దుకుంటాం. మిగతా కంపెనీలు కూడా మా వెనకే వచ్చేస్తాయి. చివరికి మీకు మిగిలేది ఆ పెట్టె ఒక్కటే."

ఇంక నా వల్ల కాలేదు. మెళ్లో టేపుతోనే లోపలికి వెళ్లి ఫోన్ ముందు వంగాను. "ఏమండీ బోర్డులాయనా! మీ బోర్డు ఆగితే బస్సు ఆగదు, దాని మానాన అది వస్తుంది. మా పెట్టె ఆగితే మా మామయ్యగారు ఆగిపోతారు. ఆ తేడా తెలీదా మీకు?"

"మీరెవరండీ?"

"ఈ ఇంటి పెద్ద కోడల్ని. మెళ్లో టేపు ఉంది. కొలతలు తీయమంటారా?"

అతను నిదానంతో "ఆలోచించుకోండి మేడమ్" అని ఫోన్ పెట్టేశాడు. నిదానం నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె మాత్రం చల్లారిన టీ కప్పు అటూ ఇటూ తిప్పుతూ అంది.

"అతను అన్నదాంట్లో తప్పు లేదక్కా. అతని బోర్డులు బిగుసుకుపోతున్నది నా వల్లే. ఈ పెట్టె ఆగేదీ నా వల్లే. ఒకదాన్ని బాగుచేయడానికి ఇంకోదాన్ని చంపమంటే ఎలా? రెండూ నావేగా."

మనిషికి అంత ఓపిక ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాతి రోజుల్లో ఆమె భోజనం దగ్గర మామయ్యగారి పక్కనే కూర్చునేది. తినేది తక్కువ, పెట్టె తెర చూసేది ఎక్కువ. ఆ పెట్టెకి ఒక పద్ధతి ఉంది. మాట వినగానే ఏదో ఒకటి రాసేస్తుంది. వాక్యం ముందుకు వెళ్లాక సరిగ్గా అర్థమైతే, వెనక్కి వచ్చి తప్పు పడ్డ మాటను దిద్దుకుంటుంది. అలా దిద్దుకోవడానికే ఆ పాత వరుసల కోసం చెయ్యి చాస్తోంది. మా ఆయన వాళ్ల ఆఫీసులో కుర్చీ విరిగిన కథ చెబుతున్నారు. నిదానం ఉన్నట్టుండి చెంచా కింద పెట్టింది.

"అక్కా! తెర దాటి పైకి పోయిన వరుస జోలికి ఇది వెళ్లట్లేదు. ఎంతసేపూ కనపడే వరుసలే దిద్దుకుంటోంది."

"అయితే?"

"అయితే, 'తీసేయ్' అనగానే తీసేయక్కర్లేదు. 'సరే' అని, కొన్నిటిని పక్కన ఉంచుతాను. కొత్తది వచ్చినప్పుడు అన్నిటికంటే పాతదాన్ని తీసేస్తాను. అప్పుడు మెమరీ నిండదు. వెనక్కి వచ్చి వెతుక్కునేవాళ్లకి ఖాళీ చెయ్యీ తగలదు."

మా దుకాణంలో గిరాకీ కోటు వేసుకుని చూసుకుని వెళ్లేదాకా నేను దాని గుడ్డ ముక్కలు ఊడ్వను. జేబు దగ్గరో చంక దగ్గరో అతుకు అవసరమవుతుంది కదా. అవి బల్ల చివర ఉంటాయి, కొత్త కోటు ముక్కలు వస్తే పాతవి చెత్తబుట్టలోకి పోతాయి. అది రోజూ చూడబట్టే ఆమెకు ఈ ఆలోచన తట్టిందని నా వాదన. "తెర చూస్తే తట్టింది" అని ఆమె వాదన. ఈ తగువు మా ఇంట్లో ఇంకా తేలలేదు.

ఆలోచన తట్టగానే ఎగిరి గంతేస్తే ఆమె నిదానం ఎందుకవుతుంది? ఎన్ని వరుసలు పక్కన ఉంచాలో ముందు తేల్చుకోవాలంది. ఎంత వెనక్కి చెయ్యి చాస్తున్నారో గమనించి చెప్పే పరీక్ష లైబ్రరీ ఒకటి తయారుచేసి, వాడేవాళ్లందరికీ పంపింది. లిఫ్టులవాళ్లు, ఆసుపత్రి తెరలవాళ్లు, బోర్డులాయన కూడా తమ యంత్రాల్లో పెట్టి చూశారు. జవాబులు ఒక్కొక్కటే వచ్చాయి. చాలావాటికి ఒకటి రెండు వరుసలు చాలు. ఒక లిఫ్టు మాత్రం ఎప్పుడో దాటొచ్చిన అంతస్తు కోసం కూడా చెయ్యి చాస్తోందట. "దీనికి జ్ఞాపకాలు ఎక్కువ" అని నవ్వుకుంటూ, దానికి కూడా సరిపోయేలా ఇంకాస్త చోటు పెట్టింది. ఒకే వరుసను రెండుసార్లు "తీసేయ్" అనే మతిమరుపు యంత్రాలు కూడా బయటపడ్డాయి. రెండోసారి చెబితే వినీ విననట్టు ఊరుకోమని రాసింది.

కొత్త లైబ్రరీని పెట్టెలో పెట్టిన రోజు అందరం ఆయన చుట్టూ చేరాం. మామయ్యగారు మీట నొక్కారు. తెర వెలిగింది. నేను "వినపడుతోందా?" అన్నాను. వినపడడమేమిటి నా మొహం! కానీ ఆ అక్షరాలు తెర మీద వచ్చాయి, అక్కడే ఉన్నాయి. పొద్దున్నే మొదలుపెట్టి నేను గిరాకీలతో గొడవపడుతూనే ఉన్నాను. ఆయన దుకాణంలో కుర్చీ వేసుకుని కూర్చుని అంతా చదువుతూనే ఉన్నారు. మధ్యాహ్నమైంది. దీపాలు పెట్టే వేళ అయింది.

"పెద్దమ్మాయ్, దీనికి ఏదో అయింది," అన్నారు కంగారుగా. "ఆగట్లేదు!"

వెనక గదిలో నిదానం బల్ల మీద తల వాల్చేసింది. ఏడుస్తోందేమో అని వెళ్లి చూస్తే, చప్పుడు లేకుండా నవ్వుతోంది.

ఆ వారంలోనే బోర్డులాయన ఉత్తరం వచ్చింది. నేనే పైకి చదివాను. "నిదానం గారికి, మీ కొత్త లైబ్రరీ మా అన్ని బోర్డుల మీదా పెట్టాం. ఒక్కటీ బిగుసుకుపోలేదు. ఒక సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. మీ పరీక్షలో తేలిందేమిటంటే, తీసేయమన్నాక మళ్లీ చెయ్యి చాచేవాటిలో మా పాత బోర్డులే ఎక్కువ. నేను అడిగినట్టు మీరు ఆ మొదటి దిద్దుబాటునే మొండిగా ఉంచేసి ఉంటే, సగం బస్ స్టాపులు చీకటైపోయేవి. కాపీ మాట మరిచిపోండి. మీ అక్కగారికి నా నమస్కారాలు. కొలతలకు ఎప్పుడు రమ్మంటారో కనుక్కోండి."

నేను ఆ ఉత్తరాన్ని రెండోసారి ఇంకాస్త గట్టిగా చదివాను. గిరాకీలు కూడా విన్నారు.

ఇక కోటు బొమ్మతో పని లేదు, తానే వస్తానని చెప్పి, సన్మానం రోజు మామయ్యగారు తాను కుట్టుకున్న నల్ల కోటు వేసుకున్నారు. హాలు నిండా దర్జీలే కాబట్టి అందరి కళ్లూ ముందు ఆ కోటు కుట్టు మీదికే పోయాయి. ఆయన్ని వేదిక మీద కూర్చోబెట్టారు. నేను, నిదానం ముందు వరుసలో కూర్చున్నాం. ఆమె వేదికను చూడలేదు. ఆయన గుండెల మీద వేలాడుతున్న పెట్టెనే చూస్తోంది. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. ఆయన చదువుతున్నారు, తల ఊపుతున్నారు, అక్కడక్కడా అడ్డొచ్చి ఒక చురక వేస్తున్నారు. అప్పుడు నేనొకటి గమనించి నిదానాన్ని మోచేత్తో పొడిచాను. ఆయన బొటనవేలు మీట మీద లేదు. ఆ చేత్తో హాయిగా టీ కప్పు పట్టుకుని కూర్చున్నారు.

చివర్లో కాలర్ మాస్టారు లేచారు. మామయ్యగారి ఈడువాడు. ఎదురు వీధిలో దుకాణం పెట్టి జీవితమంతా ఆయనతో పోటీ పడినవాడు, ప్రాణస్నేహితుడు కూడా.

"నా పెళ్లి కోటు కుట్టింది ఇతనే," అన్నారు మైకులో. "ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి! ఇదేంట్రా అంటే, 'పొట్టి చేతివైపు పెళ్లికూతురు నిలబడి నీ చెయ్యి పట్టుకుంటుంది, ఎవరికీ కనపడదు' అన్నాడు. ఆ రోజు పట్టుకున్న చెయ్యి మా ఆవిడ ఇప్పటికీ వదల్లేదు. వదిలితే కోటు సంగతి..."

ఆయన ఇంకా కొస చెప్పలేదు. హాల్లో అందరికంటే ముందు, ఒక్కటే ఒక్క నవ్వు పగిలింది. అది మామయ్యగారిది. మా మొహాలు చూసి నవ్వింది కాదు. తల వెనక్కి వాల్చి, కప్పులో టీ తొణికి నల్లకోటు మీద పడుతున్నా పట్టించుకోకుండా నవ్వారు. తర్వాత మైకు అక్కర్లేని గొంతుతో అన్నారు.

"చేతులు సమానంగానే కుట్టానురా! వంకర నీ భుజంలో ఉంది. పెళ్లయ్యేదాకా అటువాళ్లకి చెప్పొద్దని కాళ్లావేళ్లా పడింది నువ్వు కాదూ?"

హాలు దద్దరిల్లిపోయింది. కాలర్ మాస్టారు తన భుజం తడుముకుని, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేశారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆగాలని నేనూ అనుకోలేదు. అంత సంతోషం నా జన్మలో తక్కువసార్లు చూశాను. పక్కన నిదానం రెండు చేతులతో నా మోచెయ్యి పట్టుకుని పిండేస్తోంది. ఆమెకు అంత బలముందని నాకు ఆ రోజే తెలిసింది.

అంతా అయ్యాక మామయ్యగారు దిగి మా దగ్గరికి వచ్చారు. పెట్టెను మెళ్లోంచి తీసి నిదానం ముందు పెట్టారు.

"చిన్నమ్మాయ్, ఇందాకటి నుంచి అందరూ మాట్లాడారు. నువ్వొక్కదానివే మిగిలావు. ఏదైనా చెప్పు."

ఆమె తడబడింది. "ఏం చెప్పను మామయ్యా? తలకట్టు ఒక్కటే మిగిలింది. అది కూడా ఈ వారంలో నిటారుగా దిద్దేస్తాను."

ఆ మాటలు తెర మీద వచ్చాయి. తలకట్లన్నీ కుడి వైపుకి ఒరిగి ఉన్నాయి. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివారు. మళ్లీ చదివి, తల అడ్డంగా ఊపారు.

"దాన్ని మాత్రం ముట్టుకోకమ్మా. ఇన్నాళ్లూ మీ అందరి గొంతూ నాకు అలాగే కనపడింది. ఇప్పుడు నిటారుగా నిలబెడితే, ఎవరో కొత్తవాళ్లు మాట్లాడుతున్నట్టుంటుంది."

"అలాగే మామయ్యా," అంది నిదానం. ఆ తలకట్టును ఆమె ఈరోజు వరకు దిద్దలేదు.